నడినెత్తి సాక్ష్యం

ధర్మవరం పట్టుచీరల దుకాణమైనా, హిందూపురం కిరాణా కొట్టయినా, పెనుకొండ మందుల షాపయినా సీసీ కెమెరా తొలిచూపు గల్లాపెట్టె మీదే! అంటే దొంగకన్నా గుమాస్తా మీదే అనుమానం ఎక్కువన్నమాట. రెండోది సీలింగుకు అతుక్కుని వచ్చినవాళ్ల నడినెత్తులు లెక్కపెడుతుంది. గుమ్మానికి ఎదురుగా బిగించినదాంట్లో వీధి ఎండకు మనిషి నల్లటి నీడై మిగులుతాడు. కెమెరా ఉందంటేనే దొంగ జంకుతాడంటారా? నిజమే, దిష్టిబొమ్మ మీద మొదటి పిట్ట వాలేదాకా! ఖర్చంటారా? పైన నాలుగు వేలాడదీసేకన్నా, ఎదురెండను తట్టుకునేది ఒక్కటి గుమ్మం దగ్గర ముఖానికి కాస్త పైన పెడితే చవక. జనం రద్దీ ఉండే చోట్ల 30 రోజుల దృశ్యాలు దాచాలని 2013 నాటి ప్రజాభద్రత చట్టం చెబుతోంది. దాచారు సరే, బట్టతలను చూసి ఆసామిని పోల్చేదెవరు?