పది కోట్ల నొక్కుల బావ

ఎవరింటికెళ్ళినా మా స్విచ్చుల బావ కుర్చీ వైపు కాదు, కీబోర్డు వైపు నడుస్తాడు. సంబంధానికొచ్చినవాళ్ళు గోత్రం అడిగినట్టు, "స్విచ్చులు జర్మనీ చెర్రీయా, పేటెంటు గడువు తీరాక చైనాలో పుట్టినవా?" అని ఆరా తీస్తాడు. జవాబు కోసం ఆగడు. స్పేస్ బార్ మీద రెండు దెబ్బలు వేసి, చెవి వంచి విని, "ఊఁ" అంటాడు. ఆ పూట ఇంటాయనకి అన్నం సయించదు.

పగలు బ్యాంకు, రాత్రి వాలొరెంట్. ఆటలో ఎప్పుడూ ముందు చచ్చేది తనే గానీ, బెంగంతా సామాను ఆయుష్షు మీదే.

"పెట్టె మీద చూడు, ఒక్కో మీటకి 10 కోట్ల నొక్కులు! రోజుకి పదివేల సార్లు నొక్కినా 27 ఏళ్ళు. నా మనవడు ఆడుకుంటాడురా."

కొడుకు ఏడో తరగతి.

"మనవడి సంగతి తర్వాత. మొన్న పోయిందేమిటి?" అంటుంది అక్క లోపల్నుంచి.

పోయింది వైరు. ఎప్పుడూ అంతే. స్విచ్చు నిక్షేపంలా ఉంటుంది, వైరు గుచ్చే రంధ్రం వదులవుతుంది. ఏబీఎస్ ప్లాస్టిక్ మీటలు జిడ్డు ముఖంలా మెరుస్తాయి. మౌసు మీది మెత్తటి రబ్బరు పూత మన ఉక్కపోతకి బంకబంకగా మారుతుంది. హెడ్‌సెట్ దిళ్ళ రెగ్జిన్ పెచ్చులు లేచి చెవులకంటుకుంటే, బ్యాంకులో ఓ ఖాతాదారు జాలిపడి చర్మవైద్యుడి చిరునామా రాసిచ్చాడు. పెట్టె మీది అంకె కోసం మీట నొక్కి చూసేది యంత్రం మరి. దానికి చెమట పట్టదు, టీ ఒలకదు, ఓడిపోతే మీట మీద పిడికిలితో గుద్దదు.

అన్నిటికన్నా పెద్ద గండం మౌసు జంట నొక్కు. లోపలి సన్నటి రేకు నీరసించో, దాని మొనకి మసి పట్టో, ఒకసారి నొక్కితే రెండుసార్లు పలుకుతుంది. ఫోల్డరు మీద వేలు పెడితే చాలు, తెరుచుకుంటుంది. బావ ఊరుకుంటాడా? అడుగున అతికించిన జారుడు ముక్కలు పీకి, వాటికింద దాగిన మరలు విప్పి, ఓమ్రాన్ స్విచ్చు కోసం సికింద్రాబాదులో కంప్యూటర్ సామాన్ల కొట్లుండే సీటీసీకి బయల్దేరతాడు.

"దానికెందుకన్నా గింత తిప్పలు? ఏడొందలిస్తే కొత్త మౌసే వస్తది," అంటాడు కొట్టు కుర్రాడు.

"వారంటీ?"

"ఏడాది."

"విప్పితే?"

"పాయె."

ఆ మాటతో బావ ఏడొందల జాతినంతటినీ వెలివేసి, ఆటో ఖర్చుతో కలిపి అంతకన్నా ఎక్కువే వదిలించుకుని, ఇల్లు చేరి టంకంతో చెయ్యి కాల్చుకుంటాడు. అదే మనిషి బ్యాంకులో అక్షరాలన్నీ చెరిగిపోయిన రబ్బరు పొర కీబోర్డు మీద రోజంతా పద్దులు కొడతాడు. దాని గురించి అడిగితే మాట మారుస్తాడు.

ఈమధ్య హాల్ ఎఫెక్ట్ కీబోర్డు మీద పడ్డాడు. "మీటలో అయస్కాంతం, కింద సెన్సరు. ఒకదానికొకటి తగలవు. తగలనిది అరుగుతుందా?"

"వైరు కూడా అయస్కాంతమేనా?" అంది అక్క.

"పిచ్చిదానా, దీనికి వైరే ఉండదు. బ్యాటరీ."

"అదెన్నాళ్ళొస్తుంది?"

బావ కాసేపు ఫ్యాను వైపు చూసి, ల్యాప్‌టాప్‌లో ఎక్సెల్ తెరిచాడు.