ఇటుకలెత్తిన మంచం

ఏం నాయనా, ఆర్థోలో సీటొచ్చిందటగా, సంతోషం. ఈ నెల ఎక్కడ పోస్టింగు? కాజువాల్టీ అంటావు, పై నెల ప్లాస్టిక్ సర్జరీ అంటావు, ఆ తర్వాత జిల్లా ఆసుపత్రి అంటావు. చేతిలో లాగ్‌బుక్కు, జేబులో ఫోను. ఒక్క మంచం పక్కన పట్టుమని పది రోజులు నిలబడ్డావా ఎప్పుడైనా?

మా రోజుల్లో తిరగడాలు లేవు, రోగులే మా దగ్గరికి వచ్చేవాళ్ళు. 1996 దాకా మా తేని మదురై జిల్లాలోదే. కె.విళక్కులో మెడికల్ కాలేజీ వచ్చిందే 2004లో. బోడిమెట్టు మలుపుల్లో ఏలకుల తోటకు కూలీలను తీసుకెళ్ళే జీపు పల్టీ కొట్టినా, కంబం దగ్గర ఎవరైనా కొబ్బరిచెట్టు మీంచి జారినా అప్పట్లో మేం పనిచేసే మదురై పెద్దాసుపత్రికే రావాల్సి వచ్చేది. తేని నుంచే 75 కిలోమీటర్లు.

తొడ ఎముక విరిగినవాడికి మోకాలి కింద స్టైన్‌మన్ పిన్ను దూర్చి, ఒంటి బరువులో పదోవంతు వేలాడదీసి, కాళ్ళవైపు మంచాన్ని ఇటుకల మీదికి ఎత్తేవాళ్ళం. ఆరు వారాలు, ఒక్కొక్కరికి పన్నెండు. రోజూ పొద్దున్నే తుంటి ముందు మొన నుంచి లోపలి చీలమండ దాకా టేపుతో రెండు కాళ్ళూ కొలవాలి. అరంగుళం తేడా వచ్చిందా, రౌండ్స్‌లో చీఫ్ ముందు తలెత్తలేం. అన్నాళ్ళు పక్కన ఉంటే వాళ్ళ పొలం తగాదాలు, పిల్లల పెళ్ళి సంబంధాలు కూడా మనవే అయిపోయేవి. బోడినాయకనూరు పక్క నుంచి వచ్చిన రాజకంబళం కులపు అవ్వ ఒకావిడ ముందంతా అరవంలోనే మూలిగింది. నేను అటెండరుతో తెలుగు మాట్లాడటం విని, "మనోడివేనా అయ్యా, ఇన్నాళ్ళు చెప్పవేం!" అని, ఆ రోజు నుంచి నొప్పి ఎక్కడుందో సరిగ్గా చెప్పింది.

కట్టు గుడ్డలూ మేమే చేసుకునేవాళ్ళం. బల్ల మీద గాజుగుడ్డ పరిచి, ప్లాస్టర్ పొడి అరచేత్తో రుద్ది, చుట్టి డబ్బాలో దాచేవాళ్ళం. నీళ్ళలో ముంచితే బుడగలు ఆగేదాకా ఓపిక పట్టాలి. ముందే తీస్తే లోపల పొడిగా ఉంటుంది. నువ్వు కవరు చింపి తీస్తావు, నీకేం తెలుస్తుంది?

స్కోర్లు మాత్రం గడగడా చెప్తావు. కోయంబత్తూరు గంగా ఆసుపత్రి వాళ్ళు 2006లో ఇచ్చిన స్కోరు గొప్పదే, మన పక్కవాళ్ళు చేశారని నాకూ గర్వమే. చర్మం, కండ లేచిపోయి మోకాలి కింద విరిగిన కాలికి మార్కులు వేసి, 14 దాకా అయితే నిలబెట్టమంటుంది, 17 అయినా పైన అయినా తీసెయ్యమంటుంది. నడుమ 15, 16 మిగిలాయి చూడు, అక్కడ లెక్క తేలదు. అలాంటి కాళ్ళను నెలల తరబడి కనిపెట్టుకుని ఉన్నవాడే చెప్పాలి.

మీరు తొడ ఎముకలో రాడ్డు దించి మర్నాడే నడిపిస్తున్నారు, కాదనను. పుండ్లు పడ్డ వీపులు, వంగని మోకాళ్ళు నేనూ చూశాను. వాళ్ళను తలుచుకుంటే మీ రాడ్డుకు దణ్ణం పెట్టాలనిపిస్తుంది. కానీ నాలుగో రోజున ఇంటికి పంపేసి, కుట్లు ఒకరు విప్పి, మూడో నెల ఎక్స్‌రే ఇంకొకరు చూస్తే నీకు చదువు ఎలా వస్తుంది?

జిల్లా ఆసుపత్రిలో మూడు నెలలంటే మొహం ముడుస్తావట. 2020లో రూలు పెట్టి మరీ పంపాల్సి వచ్చింది మిమ్మల్ని! పెరియకుళం లాంటి చోట పడితే అదృష్టమనుకో. రాత్రిపూట మణికట్టు విరిగి తోట కూలీ వస్తుంది. లాగి, బొటనవేలితో తడిమి, ఎముక కూర్చుందో లేదో తెలుసుకుని అప్పుడు స్లాబ్ వెయ్యి. ఫొటో తీసి సీనియర్‌కు పంపే ముందు ఆమె వేళ్ళు వెచ్చగా ఉన్నాయేమో పట్టి చూడు. ఆరో వారం తేదీ రాసుకో. అప్పటికి నీ పోస్టింగు మదురైకి మారినా సరే, బస్సెక్కి వచ్చి ఆ కట్టు నువ్వే విప్పు. ఛార్జీ నేనిస్తా.