తొలి ఆటకే ప్రోగ్రెస్ కార్డు

అమెరికాలో ఆగస్టు ఆఖరుకి కాలేజీ ఫుట్‌బాల్ మొదలవుతుంది. శనివారం ఆట, ఆదివారం చర్చి, సోమవారం ప్రోగ్రెస్ కార్డు. అయింది ఒక్క ఆట, ఇంకా పదకొండు ఉన్నాయి. అయినా సోమవారం తెల్లారేసరికి పత్రికలో గడులు గీసి సిద్ధంగా ఉంటాయి. క్వార్టర్‌బ్యాక్‌కి బి మైనస్, రన్నింగ్ బ్యాక్‌లకి ఏ, రిసీవర్లకి సి ప్లస్, అఫెన్సివ్ లైన్‌కి డి, సెకండరీకి ఎఫ్. స్పెషల్ టీమ్స్ దగ్గరికొచ్చేసరికి ఎఫ్ కింద ఇంకో అక్షరం లేకపోయిందే అన్న దిగులు. ఈ కార్డులు దిద్దే పెద్దమనిషిని గ్రేడు మాస్టారు అందాం. ఎండ తగలని ప్రెస్ బాక్స్‌లో, అద్దాల వెనక, శాండ్‌విచ్ తింటూ ఆయన కూర్చుంటారు. కింద ఇరవయ్యేళ్ల కుర్రాళ్లు ఒకరినొకరు గుద్దుకుంటూ ఉంటారు. ఎవరు ఎంత బాగా గుద్దుకున్నారో ఆయన ఒక్క అక్షరంలో తేల్చేస్తారు. ఒక సంగతి మాత్రం మర్చిపోకూడదు. ఆ అక్షరం రాసేముందు ఆయన స్కోరుబోర్డు చూసుకుంటారు.

మాస్టారి విద్య ఎంత గట్టిదో పరీక్షించాలంటే 2007 సెప్టెంబరు 1ని మించిన రోజు నాకు తెలియదు. ఊరు ఆన్ ఆర్బర్, జట్టు మిషిగన్ యూనివర్సిటీ. దేశంలో మరే కాలేజీ అన్ని ఆటలు గెలవలేదు. స్టేడియంలో లక్షా ఏడు వేల సీట్లు, ఆ రోజు వచ్చిన జనం 109,218. ఇంకా ఒక్క ఆటైనా ఆడకుండానే అసోసియేటెడ్ ప్రెస్ పోల్‌లో 5వ ర్యాంకు. ఎదుటి జట్టు అపలాచియన్ స్టేట్, నార్త్ కరొలినా కొండల్లో బూన్ అనే చిన్న ఊరిది. ఒక మెట్టు కింది డివిజన్. అప్పట్లో మిషిగన్ 85 మందికి స్కాలర్‌షిప్ ఇవ్వొచ్చు, వీళ్లు 63 మందికే. ఆ కింది మెట్టు మీద 2005లోనూ 2006లోనూ వాళ్లే ఛాంపియన్లు, అయినా పెద్దింటి లెక్కలో వాళ్లు ఒళ్లు వేడెక్కించుకోవడానికి పిలిచిన జట్టు. రానూపోనూ ఖర్చులకీ, మర్యాదగా ఓడి వెళ్లినందుకూ కలిపి 4 లక్షల డాలర్లు ముట్టజెప్పే ఒప్పందం.

వాళ్లు 34-32తో గెలిచారు. 4 లక్షలూ పట్టుకెళ్లారు.

ఆటను చూపించింది బిగ్ టెన్ నెట్‌వర్క్. దానికప్పుడు రెండు రోజుల వయసు. కామ్‌కాస్ట్ లాంటి పెద్ద కేబుల్ కంపెనీ ఇంకా దాన్ని తీసుకోకపోవడంతో మిషిగన్‌లోనే చాలా ఇళ్లలో ఆట రాలేదు. అయినా సోమవారం నాటికి ఏ పొజిషన్ ఎందుకు తప్పిందో చెప్పలేనివాడు ఆ రాష్ట్రంలో ఒక్కడూ మిగల్లేదు.

సరే, మాస్టారి కలం తీసుకుని ఆ రోజు కార్డు మనమే నింపుదాం.

రన్నింగ్ బ్యాక్‌ల గడి తేలిక. మైక్ హార్ట్ 188 గజాలు పరిగెత్తాడు, మూడు టచ్‌డౌన్లు చేశాడు. మధ్యలో తొడకి దెబ్బ తగిలి చాలాసేపు బయట కూర్చున్నాడు, మళ్లీ వచ్చి 54 గజాలు ఏకధాటిగా పరిగెత్తి జట్టును 32-31తో ముందు నిలబెట్టాడు. ఇది ఏ కాకపోతే ఇంకేది ఏ? కానీ ఓడిన జట్టులో ఒకడికి నిండు ఏ వేస్తే మర్నాడు పాఠకుడు ఊరుకోడు. అందుకని ఏ మైనస్. ఆ మైనస్ హార్ట్ చేసిన తప్పుకి కాదు, మాస్టారి భయానికి.

అఫెన్సివ్ లైన్‌లో ఐదుగురు ఉంటారు, ఐదుగురికీ కలిపి ఒకటే అక్షరం. బంతి వెంట తిరిగే కళ్లకి వాళ్లు ఆనరు. ఆనారంటే ఎవడో తప్పు చేశాడన్న మాట. కాబట్టి గడిలో చేతికొచ్చిన సి ఒకటి పడేస్తే ఎవరూ అడగరు. ఆ లైన్‌లో ఎడమ చివర నిలబడ్డవాడి పేరు జేక్ లాంగ్. ఎనిమిది నెలలు తిరక్కుండా, 2008 ఏప్రిల్‌లో, ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్‌లో దేశం మొత్తం మీద మొట్టమొదట ఎంపికైంది అతనే. అదే జట్టు రెండో రౌండులో తీసుకున్నది అతని వెనక నిలబడి బంతి విసిరిన చాడ్ హెన్నేని. కొనేవాళ్లు వేరే కళ్లద్దాలు పెట్టుకున్నట్టున్నారు.

ఇక సెకండరీ, అంటే డిఫెన్స్‌లో వెనక కాపలా ఉండేవాళ్ల సంగతి. మిషిగన్ తొలి టచ్‌డౌన్ చేసిన కాసేపటికే డెక్స్‌టర్ జాక్సన్ బంతి అందుకుని 68 గజాలు వెళ్లిపోయాడు. అతని వెనక పరిగెత్తి అందుకోలేకపోయిన కుర్రాడు టీవీలో కనిపిస్తాడు, కాబట్టి ఎఫ్ వాడిదే. అసలు ఆ ప్లేలో వాడి పని ఏమిటి? లోపలివైపు కాపాడాల్సింది వాడా, వెనకున్న సేఫ్టీనా? పిలిచిన డిఫెన్స్ ఏది, వాళ్లలో ఎవరికి ఏ మాట అందింది? అది ఆ గదిలో కూర్చున్న కోచ్‌లకి తెలుసు. ప్రతి జట్టులోనూ ఆదివారం వీడియో ముందేసుకుని ఒక్కొక్కడికీ ఒక్కొక్క ప్లేకీ ప్లస్సులూ మైనస్సులూ వేస్తారు. ఆ కాగితం బయటికి రాదు. బయటికొచ్చేది మాస్టారి కాగితం. ఆయనకి ప్లే తెలియదు, పరిగెత్తినవాడి వీపు మీది నంబరు తెలుసు.

ఇంకో మాట కూడా ఉంది. అంతకుముందు ఏడాది మిషిగన్ డిఫెన్స్‌ను మోసినవాళ్లు లమార్ వుడ్లీ, డేవిడ్ హ్యారిస్, లియోన్ హాల్, అలన్ బ్రాంచ్. నలుగురూ 2007 డ్రాఫ్ట్‌లో మొదటి రెండు రౌండ్లలోనే వెళ్లిపోయారు. ఇల్లు ఖాళీ అయిన సంగతి వీధి వీధంతా చూసింది. అయినా ఆగస్టులో 5వ ర్యాంకు ఇచ్చారంటే ఇంటిపేరు చూసి ఇచ్చినట్టే కదా? సెప్టెంబరులో ఎఫ్ పడింది మాత్రం ఆ ఖాళీల్లో నిలబడ్డ కొత్త కుర్రాళ్లకి.

నాకు అన్నిటికంటే నచ్చింది రెండు పాయింట్ల కథ. ఆట రెండో సగంలో మిషిగన్ రెండు టచ్‌డౌన్లు చేసింది. రెండుసార్లూ బంతిని తన్ని ఒక్క పాయింటు పుచ్చుకోకుండా, రెండు పాయింట్ల కోసం మళ్లీ లైను దాటబోయి రెండుసార్లూ చతికిలపడింది. ఊరికే తన్ని ఉంటే మరో రెండు పాయింట్లు, అంటే 34. ఎదుటివాళ్ల స్కోరు కూడా 34. అలాగని కోచ్ లాయిడ్ కార్ వేసిన లెక్క తప్పా అంటే కాదు. ఆ స్కోరు దగ్గర ఏ కోచ్ అయినా అదే చేస్తాడు. నిర్ణయం సరైనదే, ఫలితం వంకర. ఇప్పుడు చెప్పండి, ఇది ఏ గడిలో వెయ్యాలి? క్వార్టర్‌బ్యాక్‌కా, లైన్‌కా, కోచింగ్‌కా? మాస్టారి కార్డులో సరైన నిర్ణయానికి చెడ్డ ఫలితం వస్తే రాసుకోవడానికి చోటే లేదు. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ. కాలేజీ ఫుట్‌బాల్‌లో కోడళ్లు చాలామంది, వాళ్ల వయసు పద్దెనిమిది నుంచి ఇరవై రెండు.

స్పెషల్ టీమ్స్‌కి, అంటే బంతి తన్నేటప్పుడు దిగేవాళ్లకి, ఆఖరి రెండు నిమిషాల్లోనే తీర్పు పడిపోయింది. మిషిగన్ 32-31తో ముందున్నప్పుడు ఒక ఫీల్డ్ గోల్ ప్రయత్నం, అడ్డుపడి ఆపేశారు. అపలాచియన్ స్టేట్ చేతిలో ఒక్క టైమౌట్ కూడా లేకుండా మైదానం అంతా పాకి, ఇంకా 26 సెకన్లు ఉండగా తన ఫీల్డ్ గోల్ తన్నుకుంది. హెన్నే ఒక్క విసురుతో బంతిని 46 గజాల అవతల మారియో మానింగ్‌హామ్ చేతిలో పెట్టాడు. ఆరు సెకన్లు. మళ్లీ ఫీల్డ్ గోల్. కోరీ లించ్ దూసుకొచ్చి దాన్నీ ఆపేసి, బంతి పట్టుకుని పరిగెత్తాడు. అక్కడితో ఆట అయిపోయింది. ఈ గడిలో ఎఫ్ వేస్తే నేను కాదనను. మాస్టారికి న్యాయం జరగాలి కదా, ఒక్కచోటైనా.

ఇక కార్డులో గడి లేనివాళ్లున్నారు. ఈ ఆటను 4 లక్షలకి కొన్న ఆఫీసుకి గడి లేదు. తమకంటే చిన్నవాణ్ని డబ్బిచ్చి పిలిపించి తన్నే ఏర్పాటుకి ‘షెడ్యూలింగ్’ అని మర్యాదైన పేరుంది. ఆ సబ్జెక్టులో పరీక్ష పెట్టరు. ఆగస్టులో ర్యాంకులు వేసిన ఓటర్లకీ గడి లేదు. వాళ్లేం చేశారంటే, 5వ ర్యాంకు జట్టును మంగళవారం నాటి పోల్‌లో మొదటి ఇరవై ఐదులోనే లేకుండా చేశారు. ఒక్క ఆటకి మొదటి ఐదుగురిలోంచి అంత లోతుకి పడిపోయిన జట్టు అంతకుముందు లేదు. మొన్న వేసింది తప్పు అని ఎవరూ అనలేదు. తప్పు జట్టుదట. మరి గెలిచినవాళ్లకి? వాళ్లకి ఓటు వెయ్యడానికే వీల్లేదు, పోల్ పై డివిజన్ వాళ్లకి మాత్రమే. పరీక్షలో ఫస్టొచ్చినవాడి పేరు హాజరు పట్టీలోనే లేదు! తర్వాత నవ్వులపాలై నియమం మార్చుకున్నారు.

డెట్రాయిట్ చుట్టుపక్కల నొవై, కాంటన్, ఫార్మింగ్టన్ హిల్స్‌లో మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. పిల్లవాడికి ఆన్ ఆర్బర్‌లో సీటొస్తే పసుపుపచ్చ ‘ఎం’ అక్షరమున్న టోపీ కొనుక్కుని తండ్రులు కూడా శనివారం టీవీ ముందు చేరతారు. ఆట నియమాలు పట్టుబడడానికి వాళ్లకి రెండు సీజన్లు పడుతుందేమో గానీ సోమవారం కార్డు చదవడానికి రెండు నిమిషాలు చాలు. విజయవాడలోనో హైదరాబాద్‌లోనో ఇంటర్ చదివినవాళ్లు వారాంతపు పరీక్ష, మర్నాడు నోటీసు బోర్డు మీద ర్యాంకుల పట్టీ, ర్యాంకు జారితే కింది సెక్షన్‌కి బదిలీ, ఇవన్నీ అనుభవించే విమానం ఎక్కారు. ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు అని టీవీలో అరిచిన కార్పొరేట్ కాలేజీ తన ఫెయిళ్ల సంఖ్య అరిచిందా ఎప్పుడైనా? గ్రేడు మాస్టారూ అంతే. ఆ విషయంలో సముద్రానికి ఈ ఒడ్డూ ఆ ఒడ్డూ ఒకటే.

ఈ మధ్య మాస్టారు కంప్యూటరు కొన్నారు. ప్రో ఫుట్‌బాల్ ఫోకస్ అనే సంస్థ 2014 నుంచి కాలేజీ ఆటలకీ మార్కులేస్తోంది. ప్రతి ఆటగాడికీ ప్రతి ప్లేకీ మైనస్ రెండు నుంచి ప్లస్ రెండు దాకా, అర మార్కు తేడాతో. పని నిజాయితీగానే చేస్తారు, అందరినీ చూస్తారు, లైన్‌లో ఉన్నవాణ్ని కూడా. కానీ ఆ అంకె పత్రికలోకి వచ్చేసరికి దశాంశ స్థానం తోడై, వాదించడానికి వీల్లేని దేవుడి మాటైపోతుంది. మాస్టారికిప్పుడు ఆట చూడాల్సిన శ్రమ కూడా తప్పింది.

“ఇప్పుడు వాళ్లు డబ్బు తీసుకుంటున్నారుగా, మార్కులు పడితే ఏడుపెందుకు?” అని మాస్టారు అడగొచ్చు. నిజమే. 2021 జులై నుంచి ఆటగాళ్లు తమ పేరు మీద సంపాదించుకోవచ్చు. 2025లో కోర్టు ఒప్పుకున్న రాజీ పుణ్యమా అని కాలేజీలే ఏటా రెండు కోట్ల డాలర్లకి పైగా పంచవచ్చు. జీతగాడికి మార్కులు వెయ్యండి, కాదనం. జీతమిచ్చేవాడికి కూడా ఒక గడి గియ్యండి. 2007లో ఆ కుర్రాళ్లకి అందింది స్కాలర్‌షిప్పూ, సోమవారం ఎఫ్పూ.

ఆ కార్డు ఏమైందో చూద్దాం. మరుసటి శనివారం ఓరెగాన్ వచ్చి 39-7తో తన్నింది. మాస్టారు మీసం మెలేసి “చెప్పానా?” అన్నారు. ఆ తర్వాత అదే జట్టు వరసగా ఎనిమిది ఆటలు గెలిచింది. 2008 జనవరి 1న, అంతకుముందు ఏడాది జాతీయ ఛాంపియన్ అయిన ఫ్లోరిడాను, హైస్‌మన్ ట్రోఫీ అందుకున్న టిమ్ టీబోతో సహా, 41-35తో ఓడించింది. మాస్టారి కార్డులో బిక్కుబిక్కుమన్న హెన్నే ఆ రోజు 373 గజాలు విసిరాడు. సీజన్ 9-4. అప్పటికే కార్ రిటైరవుతున్నట్టు ప్రకటించాడు. పాత ఆట పనికిరాదు, స్ప్రెడ్ అఫెన్స్ కావాలి అన్న గోల సెప్టెంబరు నుంచీ ఉంది. ఆ విద్యలో ఆరితేరిన రిచ్ రోడ్రిగెజ్‌ను తెచ్చారు. 2008లో 3-9. గెలుపుల కంటే ఓటములు ఎక్కువైన సీజన్ మిషిగన్‌కి 1967 తర్వాత అదే మొదటిది.

పగ ఊరికే పోదు. 2014 ఆగస్టు 30న, మళ్లీ సీజన్ తొలి ఆటకే, అపలాచియన్ స్టేట్‌ను ఆన్ ఆర్బర్‌కి పిలిచారు. ఈసారి పది లక్షల డాలర్లు. ఏడేళ్లలో పరువు రేటు రెండున్నర రెట్లు పెరిగింది. మిషిగన్ 52-14తో గెలిచింది. మాస్టారి కొలతబద్దతో చూస్తే ఆ రోజు క్వార్టర్‌బ్యాక్ నుంచి కిక్కర్ దాకా, కోచ్ బ్రేడీ హోక్‌తో సహా, ఏ కంటే తక్కువ ఎవరికీ రాకూడదు. తర్వాతి శనివారం నోట్రె డేమ్ చేతిలో 31-0. సీజన్ 5-7. అక్టోబరు ఆఖరి రోజున అథ్లెటిక్ డైరెక్టర్ రాజీనామా చేశాడు. డిసెంబరులో హోక్‌ను పంపించేశారు, మిగిలిన కాంట్రాక్టు కింద 30 లక్షల డాలర్లు చేతిలో పెట్టి.