జల్లెడ

హైదరాబాదులో ఒక ఫైవ్‌స్టార్ హోటల్లో చాలా ఏళ్ళు వండి రిటైరైన చెఫ్ తన వంటకాలను పుస్తకంగా తేవాలనుకున్నాడు. హోటల్ కొలతలన్నీ 40 ప్లేట్లకు. వాటిని నలుగురు తినే ఇంటి వంటగా మార్చే పనిని, పత్రికల్లో వంటల శీర్షిక రాసే ఒక రచయిత్రికి అప్పగించాడు.

ఆమె శ్రద్ధ గల మనిషి. 40 ప్లేట్ల కొలతను పదితో భాగించినంత మాత్రాన నలుగురి వంట అయిపోదని ఆమెకు తెలుసు. పెద్ద డేగిసాలో గ్రేవీ గంటసేపు మరిగినా చిక్కబడేది కొంచెమే. అదే ఇంట్లో వెడల్పాటి మూకుట్లో పావుగంటకే అడుగంటుతుంది. లవంగాలు, యాలకులు లెక్క ప్రకారం తగ్గిస్తే ఘాటు కుదరదు. అందుకని ప్రతి వంటకాన్నీ తన ఇంట్లో, తన గ్యాసు పొయ్యి మీద వండింది. గ్రాముల్లో తూచి, చెంచాల్లోకి మార్చి రాసుకుంది.

హోటల్ తందూరు లోపల వేడి 400 డిగ్రీలు దాటుతుంది. ఇంటి ఓవెన్ 250 దగ్గర ఆగిపోతుంది. ఆ లోటు పూడ్చడానికి, కాల్చిన కోడి ముక్కల మధ్య చిన్న గిన్నె పెట్టి, అందులో నిప్పుకణిక వేసి, దాని మీద నెయ్యి చుక్క వదిలి మూత పెట్టింది. ముక్కలకు పొగ వాసన పట్టింది. చెఫ్ తిని తల ఊపాడు.

పేచీ బటర్ చికెన్ దగ్గర వచ్చింది.

దేశ విభజన తర్వాత ఢిల్లీ దర్యాగంజ్‌లోని మోతీ మహల్ హోటల్ పేరుతో ఊరూరా తెలిసిన వంటకం అది. చికెన్ సంగతి సులువు. కష్టమంతా మఖనీ గ్రేవీలో ఉంది. టమాటాలు, జీడిపప్పు, అల్లం, వెల్లుల్లి, కాశ్మీరీ మిరపకాయలు, గరం మసాలా దినుసులు వెన్నలో ఉడికించాలి. రుబ్బాలి. సన్నకళ్ళ జల్లెడలో వడకట్టాలి. మళ్ళీ మరిగించి, మళ్ళీ వడకట్టాలి. ఇంకా వెన్న, క్రీము, కసూరీ మేథీ ఆ తర్వాత. నాలుకకు ఎక్కడా ఒక గింజ గానీ, తొక్క గానీ, లవంగం ముక్క గానీ తగలకూడదు. హోటల్ గ్రేవీకీ ఇంటి కూరకీ తేడా అక్కడే ఉందని ఆమె నమ్మకం. అందులో తప్పు లేదు. ఆ నునుపు వడకడితేనే వస్తుంది.

బేగంబజారుకు వెళ్ళి, కోన్ ఆకారంలో ఉన్న స్టీలు జల్లెడ కొనుక్కొచ్చింది. దాని జాలీలోంచి రవ్వ కూడా దిగదు.

చెఫ్‌కు ఈ సంగతి తెలిసి ఫోన్ చేశాడు.

"హోటల్లో వడకట్టడానికి ఒక కుర్రాడు ఉంటాడమ్మా, కడగడానికి ఇంకో కుర్రాడు ఉంటాడు. ఇంట్లో జల్లెడ వద్దు. టమాటాలు ఉడికాక తొక్కలు చేత్తో లాగెయ్యండి. మసాలా దినుసులు గుడ్డలో మూటకట్టి వేసి, ఉడికాక తీసెయ్యండి. జీడిపప్పు నానబెట్టి మిక్సీలో మెత్తగా పట్టండి. చాలు."

ఆమె ఒప్పుకోలేదు. పారిస్ చెఫ్ జొయెల్ రొబుషాన్ పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేది మెదిపిన ఆలుగడ్డ. కిలో ఆలుగడ్డకు పావుకిలో వెన్న. దాన్ని కూడా సన్నటి జల్లెడలో రుద్ది దించుతారు. కాలిఫోర్నియాలో థామస్ కెల్లర్ తన రెస్టారెంట్ పేరుతో 1999లో 'ది ఫ్రెంచ్ లాండ్రీ కుక్‌బుక్' తెచ్చాడు. అది ఇళ్ళలో వండుకునేవాళ్ళ చేతుల్లోకి వెళ్ళే పుస్తకమే. అయినా వడకట్టడం దగ్గర ఆయన రాజీ పడలేదు. ఇవన్నీ ఆమె చదివినవే.

"పాఠకుల్ని తక్కువ అంచనా వెయ్యకూడదండీ," అంది. చెఫ్ ఇంకేం మాట్లాడలేదు.

ఆ గ్రేవీ సరిగ్గా కుదిరేదాకా ఆమె మళ్ళీ మళ్ళీ వండింది. వండినప్పుడల్లా సింకు నిండేది. రుబ్బిన జార్లు, వడకట్టిన గిన్నెలు, మరిగించిన మూకుళ్ళు, వాటి మీద జల్లెడ.

గిన్నెలు తోమే ఆమె పొద్దున ఏడింటికి వచ్చేది. మిగతావన్నీ ముందు కడిగేసి జల్లెడ చివరికి ఉంచుకునేది. వెన్నా జీడిపప్పూ కలిసిన ముద్ద రాత్రంతా ఆరి, జాలీ కళ్ళలో సిమెంటులా బిగుసుకుని ఉండేది. స్టీలు పీచుతో రుద్దితే జాలీ పాడవుతుందని రచయిత్రి ఒక పాత టూత్‌బ్రష్ ఇచ్చింది. ఆమె వేడినీళ్ళు పోసి కాసేపు నాననిచ్చేది. లోపలి నుంచి ఒకసారి, బయటి నుంచి ఒకసారి బ్రష్‌తో తోమేది. తర్వాత కిటికీ వైపు ఎత్తి పట్టి చూసేది. వెలుతురు రాని చోట చీపురుపుల్లతో పొడిచి, మళ్ళీ కడిగి, మళ్ళీ ఎత్తి చూసేది. కొనకు చెయ్యి దూరదు. అక్కడ టమాటా గింజలు ఇరుక్కునేవి. వాటిని ఒక్కొక్కటే తీసేది.

ఒకరోజు అడిగింది.

"అమ్మా, గిది వడగట్టకుంటే ఏమైతది?"

"నునుపు పోతుంది."

రచయిత్రి ఓపిగ్గా చెప్పింది. ఒక చెంచాడు గ్రేవీ తెచ్చి రుచి చూడమని ఇచ్చింది కూడా. ఆమె చెయ్యి కడుక్కుని, నాకి చూసి, "మంచిగున్నదమ్మా," అంది. చెంచా కూడా కడిగి పెట్టింది.

డిసెంబరులో ఆమె రెండు రోజులు రానని ముందుగానే చెప్పింది. యాదగిరిగుట్టలో మనవడికి పుట్టువెంట్రుకలు తీయిస్తున్నారు.

రాతప్రతి ఇవ్వాల్సిన గడువు దగ్గరపడింది. ఆమె సెలవుకు ముందురోజు రాత్రి రచయిత్రి ఆ గ్రేవీ ఇంకోసారి వండింది. మర్నాడు పొద్దున సింకు దగ్గర తనే నిలబడింది. గిన్నెలు అయ్యాయి. జల్లెడ మిగిలింది. కుళాయి నీళ్ళు చల్లగా ఉన్నాయి. బాత్‌రూమ్ గీజరు నుంచి బకెట్టుతో వేడినీళ్ళు మోసుకొచ్చింది. టూత్‌బ్రష్‌తో తోమింది. కిటికీ వైపు ఎత్తి చూస్తే సగం కళ్ళు మూసుకునే ఉన్నాయి. మళ్ళీ తోమింది. జాలీ అంచు తగిలి బొటనవేలు గీసుకుపోయింది. కొనలో గింజలు అలాగే ఉన్నాయి.

జల్లెడను నీళ్ళలో వదిలేసి వెళ్ళి బల్ల ముందు కూర్చుంది.

ఆ మధ్యాహ్నం చెఫ్ చెప్పినట్టు చేసింది. మసాలా మూటకట్టి వేసింది. ఉడికిన టమాటాల తొక్కలు చేత్తో లాగింది. నానిన జీడిపప్పుతో కలిపి మిక్సీలో పట్టి, అదే మూకుట్లో తిరిగి పోసింది. రాత్రి మిగిలిన గ్రేవీనీ దీన్నీ పక్కపక్కన పెట్టుకుని రుచి చూసింది. విడిగా నాకి చూస్తే కొంచెం తేడా ఉంది. రొట్టెతో తింటే లేదు. భర్తకు పెట్టింది. పక్క ఫ్లాట్ ఆవిడకు పంపింది. ఎవరూ ఏమీ అడగలేదు.

రాతప్రతిలో 'వడకట్టాలి' అని ఉన్న ప్రతిచోటా కొట్టేసింది. అంతటితో ఊరుకోలేదు. మిగతా వంటకాలూ మొదటి నుంచి చూసింది. ఒకే మూకుట్లో అయ్యేదాన్ని ఒకే మూకుట్లోకి తెచ్చింది. పదార్థాల పట్టిక కింద ప్రతి వంటకానికీ కొత్తగా ఒక వరస చేర్చింది: 'కావలసిన గిన్నెలు'. ఇలాంటి వరస చాలా వంటల పుస్తకాల్లో కనబడదు. ఉండాల్సిందే.

ముందుమాట కూడా తిరగరాసింది. 'ఇంటి వంట రుచితో ముగిసిపోదు. ఆ గిన్నెలు కడిగే చెయ్యి గురించి కూడా ఆలోచించాలి' అని అందులో ఒక మాట చేరింది. చెఫ్‌కు చదివి వినిపిస్తే చాలాసేపు మెచ్చుకున్నాడు. ప్రచురణకర్త ఆ వాక్యాన్ని వెనక అట్ట మీద పెద్ద అక్షరాల్లో వేస్తానన్నాడు.

మూడోరోజు పొద్దున ఏడింటికి గిన్నెలు తోమే ఆమె వచ్చింది. గుట్ట నుంచి తెచ్చిన లడ్డూ ప్రసాదం రచయిత్రి చేతిలో పెట్టింది. సింకులో మూడే గిన్నెలున్నాయి.

"జల్లెడ యాడున్నదమ్మా?"

"అటక మీద పెట్టేశా. ఇంక దానితో పని లేదు."

"మంచి పని చేసిన్రు," అని ఆమె కొంగు బిగించింది.

ఒకటో తారీఖున రచయిత్రి జీతం లెక్క కట్టింది. రాని ఆ రెండు రోజులకూ కోసి, మిగతాది ఆమె చేతిలో పెట్టింది.