బాయిలర్ ఆపరేటరు, ఉప్పు బస్తా

మిర్యాలగూడ ఉప్పుడు బియ్యం మిల్లుల్లో ఊక బూడిద రంగులో తిరిగే మనిషి బాయిలర్ ఆపరేటరు. ఇతనికి సర్టిఫికెట్టు ఉండాలన్నది నిబంధన. అది ఫ్రేము కట్టి, దేవుడి పటం పక్కన వేలాడుతుంటుంది. శుక్రవారం బొట్టు రెండింటికీ పడుతుంది. 1923 నాటి బాయిలర్ల చట్టం పోయి 2025లో కొత్తది వచ్చింది గానీ బొట్టు ఆగలేదు.

నానిన ధాన్యానికి ఆవిరి పట్టాలి, ఆవిరికి బోరు నీళ్లు మరగాలి. నీరు ఆవిరై పోతుంది. అందులోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు మాత్రం గొట్టాల మీద పెచ్చు కట్టి కూర్చుంటాయి. ఈ పెచ్చే స్కేలు. ఉక్కుతో పోలిస్తే ఇది వేడిని పదుల రెట్లు తక్కువగా పోనిస్తుంది. అందుకే పొయ్యిలో ఊక ఎంత పోసినా కొంత వేడి వృథాగా చిమ్నీ దారి పడుతుంది; గొట్టం కాగి కాగి ఒకనాడు పగులుతుంది.

ఆపరేటరు నమ్మేది చెవిని. ఫీడు పంపు మోత రవ్వంత మారినా గాఢనిద్రలోంచి లేస్తాడు. కానీ స్కేలు చప్పుడు చెయ్యదు. దాన్ని పట్టిచ్చేది చిమ్నీ దగ్గరి థర్మామీటరు. ఇతను తువ్వాలు ఆరేసేది దానికే. లోడు అంతే ఉండి పొగ వేడి వారవారం పెరుగుతోందంటే గొట్టాలకు లోపలో బయటో ఏదో పట్టిందన్నమాట. మసి దులిపినా తగ్గకపోతే తప్పు నీటి వైపుదే. పొగ సుమారు 20 డిగ్రీలు ఎక్కితే ఇంధనంలో దాదాపు 1 శాతం వృథా. లాగ్ బుక్కులో మాత్రం నెలంతా ఒకటే అంకె, ఒకటే పెన్ను. రేపు రాత్రి షిఫ్టు కూడా అప్పటికే నిండి ఉంటుంది.

గేజి గ్లాసు దగ్గర మాత్రం ఇతను వేరే మనిషి. షిఫ్టు ఎక్కగానే డ్రెయిన్ కాక్ తెరిచి, ఆవిరి దారినీ నీటి దారినీ విడివిడిగా ఊదిస్తాడు. మళ్లీ అన్నీ సర్దాక గ్లాసులో నీరు చివ్వున లేవాలి. బద్ధకంగా పాకిందంటే దారి పూడుకుంటోందని లెక్క. అప్పుడు బాయిలరులో నీళ్లు అడుగంటినా గ్లాసు నిండుగా కనిపించవచ్చు. ఈ పని సాగుతుండగా ఓనరు ఫోను చేసినా ఎత్తడు.

పెచ్చు, పూడిక రాకుండా చూడ్డానికి దారులు రెండు. ఒకటి బ్లోడౌన్: అడుగున చేరిన మడ్డిని కొద్దికొద్దిగా, పలుమార్లు వదలడం. రెండోది సాఫ్ట్‌నర్. దానిలోని రెజిన్ గుళికలు కాల్షియం, మెగ్నీషియాన్ని పట్టుకుని సోడియాన్ని వదులుతాయి. అవి నిండిపోయినప్పుడల్లా ఉప్పునీళ్లతో కడగాలి. మిల్లులోని రాజకీయమంతా ఈ ఉప్పు దగ్గరే.

"సేటూ, ఉప్పు బస్తా కావాలె."

"మొన్ననే తెప్పిస్తిని గదా! నీళ్లల్ల పోస్తున్నవా, తొక్కు పెడుతున్నవా?"

నీటి కాఠిన్యం చూసే కిట్టు బీరువాలో ఉంటుంది, తాళం సేటు దగ్గర. ఆపరేటరు కిట్టు సబ్బు ముక్క. నురగ వస్తే సరే. తెట్టు కడితే ఉప్పు అయిపోయినట్టు. మళ్లీ ఆఫీసు గదికి నడక. రెండోసారి అడగడానికి మొహమాటపడ్డ రోజుల్లో కఠిన జలం నేరుగా లోపలికి పోతుంది. ఊక కుప్ప తరుగుతుంది. సేటు ఆరా తీస్తే జవాబు సిద్ధంగా ఉంటుంది: "ఊక తడిసింది సేటూ."

తనిఖీ కోసం బాయిలరు విప్పిన రోజున ఈ జవాబు పనికిరాదు. పెచ్చును సుత్తితో రాల్చి, మిగిలినదాన్ని లోహం తినకుండా మందు కలిపిన యాసిడ్‌తో కరిగించి, ఆపై సోడాతో కడుగుతారు. కూలీ, యాసిడ్, ఆగిన మిల్లు అన్నీ కలిపి బిల్లు తయారవుతుంది. ఆపరేటరు వేలి మందం పెచ్చు ఒకటి ఏరి, పేపర్లో చుట్టి, బిల్లుతో పాటు సేటు బల్ల మీద పెడతాడు. ఆ నెల ఉప్పు అడక్కుండానే వస్తుంది. పై నెల మళ్లీ అడగాలి.