నాలుగు చక్రాలూ కదలకుండా: పాత జిప్సీ సొంతదారుకు చిట్కాలు

మారుతి జిప్సీ 1985లో రోడ్డెక్కింది. 2019 వచ్చేసరికి మామూలు జనానికి అమ్మడం ఆగిపోయింది. అంటే ఇప్పుడు మీకు దొరికేదంతా పాత సరుకే. పాతది కాబట్టి రోజూ ఏదో ఒకటి పాడవుతుంది. పాడైందంటే మీరు దాని కింద ఉంటారు. జీపు కింద పడుకున్న మగాణ్ణి కూరగాయలకి ఎవరూ పంపరు. ఈ బండి కొనడంలో ఉన్న అసలు లాభం అదే. కొండలెక్కడం, వాగులు దాటడం లాంటివి బండి బాగున్నవాళ్ల తిప్పలు. కింద చెప్పినవి శ్రద్ధగా పాటించారంటే ఏడాది తిరక్కుండా మీ బండి ఇటుకల మీదకి చేరుతుంది. వీధిలో "జీపాయన" అన్న పేరూ మీకు దక్కుతుంది.

1. మాన్యువల్ జోలికి పోకండి. చదివితే ఏది తప్పో తెలిసిపోతుంది, తెలిశాక ఆ తప్పు చేయడానికి చెయ్యి రాదు. వీడియోలు చూడండి. అందులో ఆయన బోల్టుకి పానా తగిలిస్తాడు, బొమ్మ మారుతుంది, బోల్టు చేతిలో ఉంటుంది. మధ్యలో ఏం జరిగిందో మీకెందుకు?

2. పనిముట్లకి డబ్బు తగలెయ్యకండి. ఒక అడ్జస్టబుల్ పానా, ఒక కటింగ్ ప్లేయరు, ఒక సుత్తి చాలు. సైజుకి తగ్గ పానా వేస్తే నట్టు ఊడొస్తుంది, పని అయిపోతుంది, మిగతా ఆదివారం ఇంట్లోవాళ్ల పాలవుతుంది. అడ్జస్టబుల్‌తో పట్టి జార్చండి, మళ్లీ పట్టండి, మళ్లీ జార్చండి. అంచులన్నీ పోయి నట్టు గుండ్రంగా తేలేదాకా వదలకండి. గుండ్రమైన నట్టుని దొంగలు కూడా విప్పలేరు.

3. షాపుకెళితే మోడల్ చెప్పకండి. మొదట వచ్చిన ఎంజీ410లో 970 సీసీ ఇంజను, తర్వాత జిప్సీ కింగ్ పేరుతో వచ్చిన ఎంజీ413లో 1,298 సీసీ. కార్బొరేటరు బండ్లు వేరు, ఎంపీఎఫ్ఐ వేరు. విజయవాడ ఆటోనగర్లో షాపాయన "ఏ మోడలండీ?" అంటాడు. "జిప్సీ" అని మాత్రం అనండి. "ఏ సంవత్సరం?" అంటే "పాతదే" అనండి. ఆయన ఇచ్చింది తెచ్చుకోండి, సరిపోదు, మళ్లీ వెళ్లండి. మధ్యలో పునుగులు తినొచ్చు.

4. ఇప్పుడు ఆయిల్ మార్పు. అన్ని చిట్కాల్లోకీ నాకు బాగా ఇష్టమైనది ఇదే, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

డిఫరెన్షియల్ హౌసింగుకి రెండు ప్లగ్గులుంటాయి. పైది నింపడానికి, కిందది ఒంపడానికి. పిరికివాళ్లు ముందు పై ప్లగ్గు వదులవుతుందో లేదో చూసుకుని, అప్పుడు కిందదాని మీద చెయ్యి వేస్తారు. మీరు తిన్నగా కిందదే విప్పండి. ఇంట్లో వడియాలు పెట్టే పళ్లెం కింద పెట్టండి. నల్లటి ఆయిలు గంధకం కంపుతో జారుతూ ఉంటే చూడ్డానికి ఎంతో తృప్తిగా ఉంటుంది. చివరి చుక్క దిగేదాకా ఆగి, ప్లగ్గు బిగించి, అప్పుడు పైదానికి పానా వేయండి. ఇరవై ఏళ్లుగా ఎవరూ ముట్టని ప్లగ్గు, రాదు. సుత్తితో కొడితే మూల విరుగుతుంది, రాదు. ఇప్పుడు మీ దగ్గర చుక్క ఆయిలు లేని డిఫరెన్షియల్ ఉంది, పోయడానికి దారీ లేదు. బండి నడిపితే క్రౌన్, పినియన్ ఒకదాన్నొకటి నమిలేస్తాయి. నడపకపోతే అలాగే ఉంటుంది. ఎటు చూసినా మీకు మూడు ఆదివారాలు ఖాయం.

గేర్‌బాక్సు దగ్గర ఇంకా తేలిక. దానికి జీఎల్-4 పోయాలంటారు. 4 కన్నా 5 పెద్దది, కాబట్టి జీఎల్-5 పోయండి. అందులో గంధకం మందు ఎక్కువ. డిఫరెన్షియల్లోని హైపాయిడ్ గేర్లకి అది మంచిదే కానీ, గేర్‌బాక్సులోని ఇత్తడి సింక్రో రింగుల్ని మెల్లగా తినేస్తుంది. సెకండ్ గేరు కిర్రుమనడం మొదలయ్యేసరికి ఆయిలు ఎవరు పోశారో ఎవరికీ గుర్తుండదు.

5. ఫోర్ వీల్ లీవరు బిగించింది వాడుకోవడానికే. ఎండిన తారురోడ్డు మీద 4హెచ్‌లో పెట్టి బెంజి సర్కిల్ చుట్టూ తిరగండి. జిప్సీలో ముందు యాక్సిలుకీ వెనక యాక్సిలుకీ మధ్య సెంటర్ డిఫరెన్షియల్ లేదు. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి, వెనకవి తక్కువ. బురదలో అయితే టైరు జారి ఆ తేడా సర్దుకుంటుంది. తారు మీద జారదు. ఆ మెలి అంతా ప్రొపెల్లర్ షాఫ్టుల్లో, క్రాసుల్లో, ట్రాన్స్‌ఫర్ కేసులో పేరుకుంటుంది. స్టీరింగు రాయవుతుంది, టైర్లు కుయ్యోమంటాయి, లీవరు తిరిగి 2హెచ్‌లోకి రానంటుంది. పక్కన కూర్చున్న బావమరిదితో "పవర్ చూశావా" అనండి.

6. ఫ్రీ వీలింగ్ హబ్బుల్లో ఒకటి లాక్ చేయండి, రెండోది ఫ్రీలో వదిలేయండి. ముందు డిఫరెన్షియల్‌కి ఎటు సులువైతే అటే తిప్పడం అలవాటు. లాక్ చేయని వైపు షాఫ్టు ఉత్తినే గిర్రున తిరుగుతుంది, లాక్ చేసిన చక్రం కదలదు. బండి మీద "4×4" స్టిక్కరు మాత్రం అలాగే ఉంటుంది.

7. టైర్లు నాలుగూ ఒకేసారి కొనేవాడు అమాయకుడు. ముందు రెండు పెద్దవి, వెనక రెండు అరిగినవి వేయండి. ముందు, వెనక యాక్సిళ్ల గేరు నిష్పత్తి ఒకటే కాబట్టి, ఐదో చిట్కాలో చెప్పిన మెలి తిన్నగా పోతున్నప్పుడు కూడా వచ్చేస్తుంది. మలుపు కోసం వెతుక్కునే శ్రమ తప్పింది. తర్వాత నాలుగూ పెద్దవే వేశారనుకోండి, స్పీడోమీటరు తక్కువ చూపిస్తుంది, తిరిగిన కిలోమీటర్లూ తక్కువే పడతాయి. అమ్మేటప్పుడు మీరు అబద్ధమాడక్కర్లేదు, మీటరే ఆడుతుంది.

8. స్టీరింగు 60 దాటాక వణికితే కింగ్‌పిన్ బేరింగులు చూడమంటారు. చూడకండి. 55లో వెళ్లండి.

9. బండి ఎత్తు పెంచండి. అన్నిటికన్నా చవక మార్గం వెల్డింగు షాపులో పొడుగు షాకిళ్లు కోయించి కమాన్ కట్టల చివర తగిలించడం. యాక్సిలు ఒరిగి పినియను కోణం మారుతుంది, ప్రొపెల్లర్ షాఫ్టు గడగడలాడుతుంది, క్రాసు బేరింగులు ఆరు నెలలకోసారి పోతాయి. బ్రేకు గొట్టాలు పాత పొడవువే ఉంచండి. చక్రం గోతిలోకి వేలాడినప్పుడు అవి బిర్రుగా లాగుకుంటాయి. కొత్తవి వేయించాలన్న మాట మీరు ఎత్తొద్దు, అదే చెబుతుంది.

చట్టం సంగతి అడిగేవాళ్లుంటారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి విరుద్ధంగా బండిని మార్చకూడదని, 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పిందని, ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదంటే రెండూ పడొచ్చని భయపెడతారు. దీనికి నా దగ్గర తిరుగులేని ఉపాయం ఉంది. కదలని బండిని బ్రేకు ఇన్‌స్పెక్టరు ఆపడు. పదిహేనేళ్లు దాటిన ఆర్సీ రెన్యువల్‌కీ ఇదే మందు.

10. పైకప్పు మీద లైటు బారు పెట్టండి. రిలే వద్దు, తిన్నగా బ్యాటరీ నుంచి డాష్‌బోర్డు స్విచ్చికి సన్న వైరు లాగండి. ఫ్యూజు కొట్టేస్తే సిగరెట్టు పెట్టెలోని వెండికాయితం చుట్టండి, ఇక కొట్టదు. ఆ తర్వాత కాలేది వైరే. ఫ్యూజుకి మాత్రం ఏమీ కాదు, అది మీ పనితనం.

11. ఒక్కసారైనా నీళ్లలో దించాలి. మారేడుమిల్లి ఘాటు దిగి, యాక్సిళ్లు చెయ్యి పెట్టలేనంత కాగి ఉన్నప్పుడు ఆగకుండా వాగులోకి పోనివ్వండి. వేడి హౌసింగు ఒక్కసారి చల్లబడితే లోపలి గాలి ముడుచుకుంటుంది, బ్రీదరు గొట్టం మూసుకుపోయి ఉంటే సీళ్ల పక్కనుంచి నీళ్లని లోపలికి పీలుస్తుంది. రెండు వారాలకి ఆయిలు మజ్జిగైపోతుంది. ఇంటికి రాగానే ప్లగ్గు విప్పి చూసుకోమని పుస్తకాల్లో రాస్తారు. మీది ఎలాగూ రాదు.

12. విల్లీస్ కాలపు జీపుంటే ఇంకో వినోదం. వాటి హ్యాండ్ బ్రేకు చక్రాలకి కాదు, ట్రాన్స్‌ఫర్ కేసు వెనక షాఫ్టుకి పడుతుంది. వాలులో బండిని ఆపి, హ్యాండ్ బ్రేకు లాగి, చక్రాలకి రాళ్లు పెట్టకుండా వెనక చక్రం ఒకటి జాకీతో ఎత్తండి. షాఫ్టు కదలదు, గాల్లో ఉన్న చక్రం వెనక్కి తిరుగుతుంది, నేల మీదున్న చక్రం ముందుకి దొర్లుతుంది. మీరు కింద ఉండకండి, అరుగు మీద టీ తాగుతూ చూడండి. పక్కింటివాళ్ల ప్రహరీ ఎలాగూ పాతది.

13. సాకులు ముందే సిద్ధం చేసుకోండి. ఇది పానా కన్నా ముఖ్యం.

ఆవిడ "ఏమండీ, ఇంకెన్నాళ్లు?" అంటే "పార్టు రావాలి" అనండి. ఎక్కడినుంచని అడిగితే "ఢిల్లీ కశ్మీరీ గేటు నుంచి" అనండి. పార్టు పేరు చెప్పకండి. పేరు తెలిస్తే ఆవిడ ఆన్‌లైన్లో వెతికి రెండు రోజుల్లో తెప్పించేస్తుంది. మామగారు వచ్చి "బాబూ, ఇది నడుస్తుందా?" అంటే "దీనికి రీసేల్ బంగారం, మామయ్యా" అనండి. అది నడవకపోవడం గురించి కాదు కాబట్టి అబద్ధమూ కాదు. చివరికి మెకానిక్ దగ్గరికి తోసుకెళ్లినప్పుడు ఆయన హౌసింగు మీద చెయ్యి పెట్టి, గుండ్రమైన ప్లగ్గు తడిమి, మీ వంక చూస్తాడు. "అన్నా, ఎవరన్నా విప్పారా?" "నేను ముట్టుకోలేదు. ముందు ఓనరు." ముందు ఓనరు ఎవరో మీకూ తెలియదు, ఆయనకీ తెలియదు. ఇంత నమ్మకంగా నింద మోసేవాడు లోకంలో ఇంకొకడు లేడు.

14. ఈ దశలో చాలామంది అమ్మేస్తారు, తొందరపాటు. మీరు రెండో జిప్సీ కొనండి, మొదటిదానికి స్పేరు పార్టుల కోసమని చెప్పి. దాని ఇంజను కూడా పనిచేయకపోతే బేరం బాగా కుదురుతుంది. లారీ మీద తెప్పించి మొదటిదాని పక్కనే, గేటుకి అడ్డంగా దింపించుకోండి. మొదటిది ఎంజీ410, రెండోది ఎంజీ413 అయితే మరీ మంచిది. "రెండూ కలిపితే ఒకటి తేలుతుంది" అని ఇంట్లో చెప్పేసి, దీని కింద పళ్లెం పెట్టండి. వడియాల పళ్లెం నిండిపోయి ఉంటే అట్లపెనం తీసుకోండి.