మూడు మిల్లీమీటర్ల దిగ్విజయం

సకల కువలయానంద సంధాయకుడు, లక్ష్మీదేవికి తోబుట్టువు, ఇరవై ఏడుగురు భార్యలకు ఏకైక భర్త అయిన చంద్రమహారాజు దండయాత్రకు బయల్దేరాడు. 27 రోజుల 13 గంటలకొకసారి ఆయనకిది తప్పదు. దూరపు విడిది భూమికి 4,06,700 కిలోమీటర్ల దాకా, దగ్గరి విడిది 3,56,400 దాకా. నడుమ 50,000 కిలోమీటర్ల మైదానం, దాదాపు నాలుగు భూగోళాలను వరసగా పేర్చగలిగినంత! గుర్రాల్లేవు, ఏనుగుల్లేవు. అయినా అక్కడ గంటకు సుమారు 3,500 కిలోమీటర్లతో తాపీగా సాగిన రథం ఇక్కడికి వచ్చేసరికి 3,900 అందుకుంది. రోహిణి ఇంటికనే ఈ తొందర అనుకునేరు. ఏ భార్య వాకిట్లోనైనా ఇదే హడావుడి.

ఇంతకీ తోలేదెవరు? గురుత్వం, దీర్ఘవృత్తం అని న్యూటన్ రెండు మాటల్లో తేల్చేస్తాడు. కావ్యానికది చాలదు. సూర్యసిద్ధాంతం తెరిస్తే అక్కడ ఆ దూరపు విడిదికి అధిపతిగా మందోచ్చమనే అదృశ్యమూర్తి కొలువుతీరి ఉంటాడు. కాలస్వరూపుడట. గాలితో పేనిన పగ్గాలు పట్టి చంద్రుణ్ణి ఆ చేత్తో ఈ చేత్తో లాగుతుంటాడట. మహాయుగంలో, అంటే 43,20,000 ఏళ్లలో, ఆయన రాశిచక్రాన్ని 4,88,203 సార్లు చుట్టివస్తాడు. భాగించి చూడండి, చుట్టుకు 8.85 ఏళ్లు. నేటి ఖగోళశాస్త్రం చెప్పేదీ అదే. పగ్గాల సంగతి దేవుడెరుగు, లెక్క మాత్రం చెక్కుచెదరలేదు.

సరే, మహారాజు విచ్చేశాడు. అదృష్టవశాత్తూ ఆనాడు పున్నమి. టీవీ చానళ్లనే వందిమాగధులు 'సూపర్ మూన్' అని బిరుదు చదివారు. (ఆ బిరుదిచ్చింది ఏ పరిశోధనశాలో కాదు, 1979లో రిచర్డ్ నోల్ అనే అమెరికా జ్యోతిష్కుడు. ఆ తెర మీదే మర్నాడు పొద్దున రాశిఫలాలు వస్తాయి కనుక పేచీ లేదు.) డాబాల మీద సేనలు మోహరించాయి. ముందు వరసలో సెల్‌ఫోన్లు ఎక్కుపెట్టిన కుర్రకారు, వెనక మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కిన వృద్ధవీరులు, పక్కల్లో జంతికలు నములుతున్న బాలసైన్యం. కొబ్బరాకుల మీదుగా బింబం లేచింది. "అబ్బ, ఎంత పెద్దగా ఉన్నాడో!" అని దిక్కులు పిక్కటిల్లాయి.

సేన మోసపోయింది అక్కడే. నేలకు ఆనుకుని ఉన్నప్పటి ఆ పెద్దరికం కంటి భ్రమ, ఏ పున్నమికైనా అంతే. పైగా ఉదయించే చంద్రుడు నడినెత్తి చంద్రుడికంటే భూమి వ్యాసార్ధమంత, దాదాపు 6,400 కిలోమీటర్లు, ఎడంగానే ఉంటాడు. మహారాజు ఆ మిగతా దూరం కూడా తగ్గించుకుని నెత్తిమీదికి వచ్చే అర్ధరాత్రికి, యోధులందరూ ఒక్కో తెల్లచుక్కను ఫోన్లలో బంధించుకుని గుర్రుపెడుతున్నారు.

కొల్లసొమ్మెంత? అతి దూరపు పున్నమి బింబం కన్నా 14 శాతం వెడల్పు. కొత్త రూపాయి బిళ్ళ 20 మిల్లీమీటర్లు, రెండు రూపాయల బిళ్ళ 23. అదీ తేడా. అరచేతిలో పక్కపక్కన పెట్టినా కండక్టరు తికమకపడతాడే, పక్కన పెట్టుకోడానికి రెండో చంద్రుడు లేని ఆకాశంలో ఎవడు పోల్చగలడు? వెలుగు 30 శాతం అధికమట. ఆ కీర్తిని వీధిదీపం మింగేసింది.

ఆయన ప్రతాపం నిజంగా తగిలేది వంటింటికి. చంద్రుడు సూర్యుడికి 12 డిగ్రీలు ఎడం జరిగితే ఒక తిథి. దగ్గరి పరుగులో అది 20 గంటల్లోనే ముగియగలదు, దూరపు నడకలో 26 దాటగలదు. దాంతో ఒక తిథి ఏ సూర్యోదయానికీ అందకుండా మాయమవుతుంది, మరొకటి రెండు సూర్యోదయాలకు హాజరు వేయించుకుంటుంది. ఇక చూడండి కురుక్షేత్రం! పూర్వపద్ధతి పంచాంగం ధరించి అత్తగారు ఒకవైపు. 'బాణవృద్ధి రసక్షయం' ఆమె కవచం: 60 గడియల తిథి 5 పెరగొచ్చు, 6 తగ్గొచ్చు, అంతకుమించి కదలడానికి చంద్రుడికి సెలవు లేదు. నేటి ఖగోళ లెక్కలతో నడిచే దృగ్గణితం యాప్ తెరిచి కోడలు ఎదురువైపు. అందులో చంద్రుడు 50 గడియలకూ దిగుతాడు, 67 దాకా పోతాడు.

"అత్తయ్యా, ఏకాదశి ఇవాళేనట."

"తగులూ మిగులూ వచ్చిందమ్మా. ఉపవాసం రేపు."

"ఈ పంచాంగంలో రేపు ద్వాదశి!"

ఇరుసేనల నడుమ ఖాళీ కంచం ముందు మామగారు, అస్త్రసన్యాసం చేసిన భీష్ముడు.

తీర్పు నన్నడిగితే కోడలి పక్షమే. పూర్వపద్ధతి లెక్క పున్నమి, అమావాస్యల దగ్గర బాగానే నిలుస్తుంది కానీ అష్టమి చుట్టుపక్కల జారుతుంది. సూర్యుడు లాగే లాగుడు అందులో పూర్తిగా చేరలేదు. గ్రహణం పట్టు విడుపుల వేళలకు వచ్చేసరికి పూర్వపద్ధతి వారిలోనూ చాలామంది దృగ్గణితాన్నే ఆశ్రయిస్తారు.